మిల్లీమీటర్లు చెప్పండి, బిల్లు సంగతి తర్వాత

“బ్రేకుల విషయంలో రిస్క్ వద్దు సార్, జాన్ కా సవాల్ హై!”

ఈ ఒక్క మాటతో మన జేబుల్లోంచి ఎన్ని వేలు పోతున్నాయో హిసాబ్ వేసుకున్నవాళ్లు తక్కువ. సీటు కవర్లు కొనాలంటే నాలుగు దుకాణాలు తిరుగుతాం. టైర్ల దగ్గర గంటసేపు బేరమాడతాం. బ్రేకు అనే మాట వినగానే నోరు పడిపోతుంది. వెనక సీట్లో కూర్చునే అమ్మీ, బచ్చాలు గుర్తొస్తారు. ఎస్టిమేట్ కాగితం పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టేస్తాం. మన వాళ్ల మీద మనకున్న ముహబ్బత్‌నే మన జేబు కత్తిరించడానికి వాడుకుంటున్నారు. దీన్ని నేను వ్యాపారం అనను, సాఫ్‌గా ధోకా అంటాను.

మనలోనే రెండో రకం వాళ్లూ ఉన్నారు. వాళ్లు గ్యారేజీలో దిగుతూనే “ఉస్తాద్, సస్తాది ఏదో ఒకటి వేసెయ్, చల్తా హై” అంటారు. డబ్బా మీద పేరు సరిగా ముద్ర పడని ప్యాడ్లు వేయించుకుని, మరుసటి వారం ఏడుగురిని ఎక్కించుకుని షాదీకి కడపకో కర్నూలుకో బయల్దేరతారు. దీనికి కంజూసీ అనే పేరు కూడా చాలదు. ఇంటిల్లిపాది జాన్‌తో ఆడే జూదం ఇది.

మొదటి రకం వాళ్లు అక్కర్లేని సామానుకు డబ్బు పోస్తారు, రెండో రకం వాళ్లు అక్కరున్న సామానులో డబ్బు మిగుల్చుకుంటారు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటే: “ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది?” ఆ ఒక్క నంబరు చేతిలో ఉంటే బ్రేకుల ఖర్చు సగానికి సగం తగ్గించుకోవచ్చు, భద్రత రవ్వంత కూడా తగ్గకుండా. ఆ నంబరు అడగడం మన హఖ్. చెప్పకుండా దాటేసేవాడి దగ్గర బ్రేకులు చేయించొద్దు. ఈ మాట కోసమే ఇంత రాస్తున్నాను.

అసలు లోపల ఏముందో ముందు చూద్దాం. ఇది తెలియకపోవడం వల్లే భయం. కారు ముందు చక్రాల లోపలి వైపు ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంటుంది. అది డిస్క్. దానికి అటొకటి, ఇటొకటి ప్యాడ్లు. పెడల్ తొక్కితే కేలిపర్ ఆ రెండు ప్యాడ్లనూ డిస్క్‌కి గట్టిగా నొక్కుతుంది. ప్యాడ్ పుట్టిందే అరిగిపోవడానికి, బచ్చాల పెన్సిల్ రబ్బరు లాగా. డిస్క్ కూడా అరుగుతుంది, కానీ చాలా నెమ్మదిగా. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ము ఉంటుంది, దాని లోపల షూలు. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు తూలుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. అందుకే ముందు ప్యాడ్లు తొందరగా పోతాయి, వెనక షూలు వాటికంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి. “ముందువి మారుస్తున్నాం కదా మేడం, వెనకవి కూడా మార్చేద్దాం” అంటారు. ఎందుకు భాయ్? పై దవడలో పన్ను పుచ్చిందని కింద దవడ పళ్లు కూడా పీకించుకుంటామా?

ఈ మధ్య మా ఖాలా కూతురికి జరిగింది చెబుతాను. మియా రియాద్‌లో ఉంటాడు. ఇక్కడ బచ్చాల స్కూలు, అత్తగారి ఆసుపత్రి, అన్నీ ఆ చిన్న కారులోనే. 38,000 కిలోమీటర్లు తిరిగింది. సర్వీసింగ్‌కి ఇస్తే సాయంత్రానికి 14,000 రూపాయల ఎస్టిమేట్ వచ్చింది. ముందు ప్యాడ్లు, రెండు డిస్కులు, వెనక షూలు, వీల్ సిలిండర్ కిట్లు, బ్రేక్ ఆయిల్, లేబర్. ఆమె దాన్ని ఫోటో తీసి రియాద్‌కి పంపింది. ఆయన డ్యూటీలో ఉండి “కర్వాదో, బ్రేక్ కా మామ్లా హై” అని ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. నాకు ఫోన్ చేసింది, “భాయ్‌జాన్, ఇంత అవుతుందా?” అని. ఒక్కటే అడగమన్నాను: ప్యాడ్ మందం ఎంత, డిస్క్ మందం ఎంత? ఆమె అడిగింది. సర్వీస్ అడ్వైజర్ నవ్వి, “అవన్నీ టెక్నికల్ మేడం, మీకు అర్థం కావు” అన్నాడట.

అర్థం కానిది అందులో ఏముంది? తరాజులో కిలో కందిపప్పు తూచి చూపించమంటే “అది టెక్నికల్” అనే కిరాణా దుకాణ్‌దార్‌ని చూశామా ఎక్కడైనా?

బండి వెనక్కి తెచ్చేసింది. మా గల్లీ ఉస్తాద్ నాలుగు చక్రాలూ విప్పి కొలిచాడు. ఎడమ చక్రం లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు, బయటి ప్యాడ్ 5. ఒకే చక్రంలో రెండింటికీ అంత ఫర్క్ ఎందుకు? కేలిపర్ జారాల్సిన పిన్నులు గ్రీజు ఎండిపోయి బిగుసుకుపోయాయి. దాంతో ఒక ప్యాడే ఎప్పుడూ డిస్క్‌ని రాసుకుంటూ అరిగింది. డిస్క్ 19.3. ఆ డిస్క్ మీదే కనీస మందం 18 అని ముద్ర వేసి ఉంది. వెనక షూల లైనింగ్ సగం పైనే ఉంది. సిలిండర్లలో లీకు లేదు, పొడిగా ఉన్నాయి. ప్యాడ్లు రెండు వైపులా మార్చాడు, పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టి రబ్బరు బూట్లు కొత్తవి వేశాడు, రెండేళ్లు దాటిందని బ్రేక్ ఆయిల్ మార్చాడు. మొత్తం 4,000 దాటలేదు. తేడా 10,000 రూపాయలు. రియాద్ ఎండలో ఆయన ఎన్ని రోజులు మెహనత్ చేస్తే ఆ 10,000 ఇంటికి వస్తాయో గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పెద్ద ఎస్టిమేట్‌లో పిన్నుల మాటే లేదు. అంటే 14,000 పెట్టి అన్నీ కొత్తవి వేయించుకున్నా అసలు బీమారీ అలాగే ఉండేది. కొత్త ప్యాడ్ కూడా ఒకవైపే అరిగేది. ఏడాదిన్నరకి మళ్లీ “బ్రేకులు పోయాయి మేడం”.

ఇప్పుడు ఆ నంబర్ల లెక్క. కొత్త ప్యాడ్‌కి ఇనుప రేకు మీద రుద్దుడు మసాలా సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. బండిని బట్టి కొంచెం అటూ ఇటూ. 3 దగ్గరికి వస్తే మార్చడం మంచిది. ఆ కింద నడపడం తగదు. అంటే మనం కొన్న 10లో వాడుకునేది 7. ఎవరో 6 దగ్గరే “అరిగిపోయాయి” అని పీకేస్తే, వాడుకోవలసిన 7లో 3 చెత్తబుట్టలో పడ్డట్టే. ప్యాడ్ల సెట్టు 1,500 రూపాయలు అనుకుంటే 640 రూపాయలు పైగా నేల మీద పారబోసినట్టు. పాపం చాలామందికి ఇదే జరుగుతోంది, ఎందుకంటే పాత ప్యాడ్లు చూపించమని అడగరు.

ఇంకో ఫాయిదా కూడా ఉంది. 20,000 కిలోమీటర్ల దగ్గర 8 ఉంది, 30,000 దగ్గర 6 ఉంది అనుకోండి. 10,000కి 2 మిల్లీమీటర్లు అరిగింది. 6 నుంచి 3కి రావడానికి ఇంకో 15,000 కిలోమీటర్లు పడుతుంది. అంటే 45,000 దగ్గర మార్చాలి. ఇది అంచనాయే. ఘాట్లు ఎక్కితే, ఊళ్లో ట్రాఫిక్‌లో నలిగితే ముందే వస్తుంది. అయినా రంజాన్ ఖర్చుల నెలలో వచ్చి పడుతుందా, ఆ తర్వాతా అన్నది ముందే తెలుస్తుంది. టాక్సీ తిప్పే మన కుర్రాళ్లకు, ఈఎంఐ తేదీ చూసుకుని బతికేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అలాగని ఆలస్యం చేసి మిగుల్చుకుందామనుకుంటే అసలుకే నుఖ్సాన్. మసాలా అంతా అరిగి ఇనుప రేకు డిస్క్‌ని గీకడం మొదలైతే, ప్యాడ్ల ఖర్చుతో పోయేది కాస్తా డిస్కుల దాకా పోతుంది. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప నాలుక ఉంటుంది. మందం తగ్గగానే అది డిస్క్‌కి తగిలి కీచుమంటుంది. ఆ చప్పుడు వింటూ రేడియో సౌండ్ పెంచేవాళ్లు ఉన్నారు! అయితే ప్రతి చప్పుడూ ప్యాడ్ చావు కేక కాదు. రాత్రి వానలో తడిసిన బండి పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే అది డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు. ఆ మాత్రానికి డిస్కులు మార్చమనేవాడికి సలాం కొట్టి వచ్చేయండి.

డిస్క్ సంగతి ఇంకా తేలిక. కనీస మందం చాలా డిస్కుల మీద అంచునో మధ్య భాగంలోనో ముద్ర వేసి ఉంటుంది. అంతకంటే తక్కువ ఉంటే మారు మాట్లాడకుండా రెండు వైపులా మార్చాల్సిందే. పగులు కనిపించినా అంతే. ఎక్కువ ఉండి, గీతలు పడో పెడల్ వణుకుతోనో ఇబ్బంది పెడుతుంటే లేత్ మీద చదును చేయించవచ్చు, చదును చేశాక కూడా మందం ముద్ర వేసిన అంకె పైనే ఉండాలన్న షరతు మీద. కొలిచేటప్పుడు ఒక చాలాకీ తెలియాలి. డిస్క్ అంచున ప్యాడ్ తగలని చోట గట్టు మిగిలి ఉంటుంది. వెర్నియర్ నేరుగా పెడితే ఆ గట్టునే కొలుస్తుంది, మందం ఎక్కువ చూపిస్తుంది. అటూ ఇటూ ఒకే రకం నాణెం పెట్టి కొలిచి, రెండు నాణేల మందం తీసేస్తే అసలు లెక్క వస్తుంది. మా ఉస్తాద్ రెండు రూపాయి బిళ్లలు ఇందుకోసమే డబ్బాలో దాచుకుంటాడు.

ఇక సస్తా సామాను గురించి. ఇక్కడ నాకు కోపం కొంచెం ఎక్కువే.

మనుషులతో నిండిన చిన్న కారు, 1,300 కిలోల బరువు, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాన్ని పూర్తిగా ఆపితే పుట్టే వేడి ఎంతో తెలుసా? గది వేడిలో ఉన్న ఒక లీటరు నీళ్లను మరిగే దాకా తెచ్చేంత. గ్యాస్ పొయ్యి మీద చాయ్ నీళ్లు మరగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఇంట్లో ఆడవాళ్లని అడగండి. అదే వేడి బ్రేకుల్లో నాలుగైదు సెకన్లలో పుడుతుంది. వేగం సగానికి తగ్గితే వేడి నాలుగో వంతు అవుతుంది. అందుకే నఖిలీ ప్యాడ్లు గల్లీలో, మార్కెట్‌లో తిరిగినంత కాలం బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల ఘాట్‌లో దిగేటప్పుడు వరుసగా పది మలుపుల్లో బ్రేకు తొక్కాక వాటి అసలు రంగు బయటపడుతుంది. నాసి మసాలా వేడికి పట్టు వదిలేస్తుంది. ఒక్కోసారి రేకు నుంచి ఊడి వచ్చేస్తుంది. అప్పుడు “చల్తా హై” అన్న నోటితో ఏమంటాం?

కంపెనీ డబ్బా ఒక్కటే అసలీ, మిగతాదంతా నఖిలీ అన్నది కూడా ఝూటే. కార్ల కంపెనీలు మామూలుగా ప్యాడ్లను తాము తయారు చేసుకోవు. బ్రేకుల సామాను తయారు చేసే కంపెనీల దగ్గర కొని తమ డబ్బాలో పెడతాయి. రాణే, బ్రేక్స్ ఇండియా, అల్లైడ్ నిప్పన్ లాంటివి కార్ల కంపెనీలకూ సరఫరా చేస్తాయి, సొంత పేరుతో బజారులోనూ అమ్ముతాయి. మన బండి మోడల్‌కి సరిపోయే నంబరు చూసి ఆ పేర్లలో ఒకటి బిల్లుతో కొనుక్కుంటే తరచుగా షోరూం కంటే తక్కువ పడుతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగండి, విజయవాడ ఆటోనగర్‌లో అడగండి, రెండు మూడు దుకాణాల ధర తెలుసుకుని కొనండి. బిల్లు ఇవ్వనంటే ఆ ప్యాడ్లు ఊరికే ఇచ్చినా వద్దు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీదారు పేరు, పార్ట్ నంబరు ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పాత ధర స్టిక్కరే చూపించి డబ్బులు అడిగితే ఆ సంగతి గుర్తు చేయండి.

సెకండ్ హ్యాండ్ ప్యాడ్లు మాత్రం ఎవరు ఎంత భరోసా ఇచ్చినా వేయించకండి. ఒకవైపు మాత్రమే మార్చి రెండోది తర్వాత చూద్దామనేది కూడా పనికిరాదు. ఒక పక్క గట్టిగా పట్టి, ఒక పక్క వదులుగా పడితే బండి పక్కకి లాగుతుంది. ఇంజన్ ఆయిల్‌ని బ్రేక్ ఆయిల్ డబ్బాలో పోసేవాళ్లూ ఉన్నారు, అల్లా రహం కరే. లోపలి రబ్బర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థే ఖరాబవుతుంది. ఇలాంటి చోట మిగుల్చుకునే వంద రూపాయలు మనవి కావు.

బ్రేక్ ఆయిల్ అంటే గుర్తొచ్చింది. అందరూ మర్చిపోయేది అదే. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్‌లో వేడెక్కి లోపల ఆవిరి పుడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. కొత్త ప్యాడ్లూ కొత్త డిస్కులూ ఏమీ చేయలేవు అప్పుడు. కొన్ని వందల రూపాయల సీసా, రెండేళ్లకోసారి. ఏ రకం పోయాలో మూత మీదా మాన్యువల్‌లోనూ రాసి ఉంటుంది. డబ్బు పెట్టాల్సిన చోటు ఇది. ఇక్కడ పెట్టరు గానీ డిస్కులకు 5,000 పెడతారు.

ముఫ్త్‌లో వచ్చే ఆదా ఇంకోటి ఉంది. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగండి. ఇంజనే బండిని పట్టుకుంటుంది. సిగ్నల్ ఎర్రగా కనిపిస్తుంటే చివరి దాకా యాక్సిలరేటర్ తొక్కి, అక్కడ ధన్‌మని బ్రేకు వేయడం మానండి. మెహదీపట్నం ట్రాఫిక్‌లో పెడల్ మీద కాలు ఆనించి కూర్చునే అలవాటు ఎవరికుందో వాళ్ల ప్యాడ్లు చూస్తేనే తెలిసిపోతుంది. జనాబ్, ఆ కాలు తీయండి.

ఇక పెద్ద బహానా. “బయట చేయిస్తే వారంటీ పోతుంది.” ఈ మాట విని భయపడి, కారు కొన్న నాటి నుంచి పెద్ద బిల్లులు కట్టేవాళ్లు ఎంతమందో. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఎందుకు? అసలీ విడిభాగాలు, పనిముట్లు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా కట్టడి చేసి గాహక్‌లను తమ వర్క్‌షాపులకే కట్టిపడేశారని. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది, అది వేరే కథ. కానీ దేశంలో పోటీ చట్టాన్ని చూసే సంస్థే ఈ వ్యవహారం గల్తీ అని రాతపూర్వకంగా చెప్పిందన్నది మన ఇళ్లల్లో ఎంతమందికి తెలుసు? పైగా అరిగిపోయే ప్యాడ్లకు వారంటీ మామూలుగా వర్తించనే వర్తించదు. లేని వారంటీ పోతుందని భయపడుతున్నాం! వారంటీ పుస్తకం తీసి ఒకసారి చదవండి, బండిలోనే ఉంటుంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా.

2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి. అక్కర్లేని సామాను మార్చారని రుజువు దొరికితే 1915కి ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. రుజువు అంటే ఏముంది: ఎస్టిమేట్, బిల్లు, పాత సామాను, చక్రం విప్పినప్పుడు తీసిన ఫోటో. కాబట్టి పాత ప్యాడ్లు, పాత డిస్కులు అడిగి ఇంటికి తెచ్చుకోండి. మన డబ్బుతో కొన్నవి, మనవే. “కంపెనీ రూల్ ఒప్పుకోదు” అంటే ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. రాసేవాడు ఎవడూ ఉండడు.

బెహనోం, ఈ మాట ముఖ్యంగా మీకు. మగవాళ్లు గల్ఫ్‌లోనో పనుల మీద ఊళ్లలోనో ఉంటే బండిని సర్వీసింగ్‌కి తీసుకెళ్లేది మీరే. కౌంటర్ దగ్గర ఆడమనిషి కనిపిస్తే ఎస్టిమేట్‌కి రెక్కలొస్తాయి. “సార్‌తో మాట్లాడతాం మేడం” అంటే సార్ నంబరు ఇవ్వకండి. మిల్లీమీటర్లు మీకే చెప్పమనండి. చక్రం విప్పిన చోటికి వెళ్లి ఫోటో తీయండి. లోపలికి రానివ్వకపోతే బండి తాళాలు వెనక్కి తీసుకోండి. బంగారం దుకాణంలో తూకం కాటా ముల్లు మీద చూపు పెట్టి మిల్లీగ్రాము దాకా అడిగే మీకు మిల్లీమీటర్ ఏం పెద్ద లెక్క?

మన ఘనమైన మర్దులకు కూడా ఒకటి చెప్పాలి. దావత్‌లలో “మేం షోరూంలోనే చేయిస్తాం” అని చెప్పుకోవడం ఒక ఇజ్జత్ అయిపోయింది. ఏసీ లాంజ్‌లో ఇచ్చే కాఫీ ముఫ్త్ కాదు, బిల్లులో ఉంది. అక్కడ 14,000 అడిగితే కార్డు తీసి గీకిన మనిషే, గల్లీ ఉస్తాద్ ముందు ప్యాడ్లు మార్చినందుకు 400 లేబర్ అడిగితే “క్యా భాయ్, ఇత్నా?” అని 100 తగ్గిస్తాడు. బండి కింద పడుకుని, మసి పూసుకుని, ముప్పయ్యేళ్ల హునర్‌తో లోపం ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పే మనిషికి మనం ఇచ్చే విలువ ఇదా? మన ఖాందాన్‌లలో ఎన్ని చూలాలు ఈ గ్యారేజీల మీద వెలుగుతున్నాయి! సామాను దగ్గర మిగిలిన 10,000లో 500 ఆయన చేతిలో ఎక్కువ పెట్టినా మనకు 9,500 మిగిలే ఉంటుంది.

ఉస్తాద్‌లూ, మీరు నవ్వకండి. మీ హిసాబ్ కూడా ఉంది. స్పేర్ దుకాణం నుంచి కమీషన్ తీసుకుని గాహక్‌కి చెప్పకపోవడం మీలో చాలామందికి మామూలైపోయింది. లేబర్ సరిగా అడగండి, ఇవ్వకపోతే పని చేయకండి. కానీ దొంగచాటు కమీషన్ కోసం పనికొచ్చే డిస్క్ మార్పించారంటే ఏసీ లాంజ్ వాడికీ మీకూ ఫర్క్ ఏముంది? కేలిపర్‌ని విప్పి దాని గొట్టం మీదే వేలాడదీస్తారు, ఆ రబ్బరు గొట్టం లోపల చిట్లుతుంది. తీగతో పైకి కట్టడానికి ఒక్క నిమిషం పట్టదు. ఎయిర్ గన్‌తో నట్లు ఇష్టం వచ్చినట్టు బిగిస్తారు. అలా తేడాగా బిగిస్తే డిస్క్ వంకర తిరిగి, నెలకి పెడల్ వణుకుతోందని గాహక్ మళ్లీ వస్తాడు. రసీదు అంటే సిగరెట్ పెట్టె వెనక రాసిన మొత్తం ఒక్కటే. ఆ రసీదు పట్టుకుని ఎవడు మిమ్మల్ని నమ్మి షోరూం మానుకుంటాడు?

ఇంకొకటి, నాకు నిద్ర పట్టనివ్వనిది. డ్రమ్ము విప్పగానే షాగిర్ద్ కుర్రాడు ఆ నల్లటి దుమ్మును నోటితో ఊదుతాడు, లేకపోతే కంప్రెసర్ గాలితో కొడతాడు. పాత రకం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ వస్తుంది, అదీ ఇరవై ముప్పయ్యేళ్ల తర్వాత బయటపడుతుంది. నఖిలీ సామానులో ఏం కలిపారో డబ్బా మీద రాసి ఉండదు. సస్తాది వేయమని గాహక్ అడిగిన ప్రతిసారీ ఆ దుమ్ము వెళ్లేది గాహక్ ఊపిరితిత్తుల్లోకి కాదు, ఆ కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి. నీళ్లు చల్లి తడిబట్టతో తుడవమనండి. ముక్కుకి మాస్కు కట్టించండి. ఆ కుర్రాడు ఎవరి ఇంటి చిరాగో మీకు తెలుసు.

“నువ్వేమైనా మెకానిక్‌వా ఇంత చెప్పడానికి?” అని అడుగుతారని తెలుసు. కాదు. బ్రేకులు విప్పడం, బిగించడం హునర్ ఉన్నవాళ్ల పని, అది వాళ్లనే చేయనివ్వండి. యూట్యూబ్ చూసి జాకీ ఒక్కదాని మీద బండి నిలబెట్టి కింద దూరే కుర్రాళ్లకు కూడా ఇదే చెబుతున్నాను. కానీ డాక్టర్ కాకపోయినా థర్మామీటర్ చదువుతాం కదా. డిజిటల్ వెర్నియర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ప్రతి గ్యారేజీలో ఒకటి ఉండాలి, ప్రతి రసీదు మీద అది చెప్పిన అంకెలు ఉండాలి.

పోయిన నెల మా ఉస్తాద్ నాకిచ్చిన రసీదు ఇలా ఉంది: ముందు ఎడమ లోపల 7, బయట 7. ముందు కుడి లోపల 6.5, బయట 7. డిస్కులు 19.6, 19.5, ముద్ర 18. వెనక షూలు బాగున్నాయి. పిన్నులకు గ్రీజు పెట్టాను. ఆయిల్ వచ్చే ఏడాది. మళ్లీ 10,000 కిలోమీటర్లకు రండి. సామాను ఏమీ వేయలేదు. లేబర్ 300.